బొడ్డు చుట్టూ 14 సూదులు: మెదడుకు కావలి కాసేవాళ్ల కథ

(పళ్ళిపట్టులో జరిగిన కార్మిక కుటుంబాల ఆరోగ్య సమావేశంలో ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు మా ఇంటికొచ్చి "మతిమరుపు గురించి, నరాల జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అని అడిగారు. సరేనన్నాను. వాళ్లు వెళ్లిపోయాక ఆలోచిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. నేను డాక్టర్ని కాదు. 32 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఇచ్చినవాణ్ణి, మనుషులు చాలక సూదులు కూడా వేసినవాణ్ణి. అందుకని నా చేతికి బాగా తెలిసిన ఒక సూది దగ్గరే మొదలుపెడతాను.

ఈ హాల్లో 50 దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. (సభలో పది పన్నెండు చేతులు లేచాయి.) చూశారా! మన ఊళ్లో, పొదటూరుపేటలో, అటు నగరిలో, ఎక్కడ అడిగినా ఇన్ని చేతులు లేస్తాయి. రోజుకొకటి చొప్పున 10 రోజులు, 14 రోజులు. పొట్ట ఉబ్బి గట్టిపడేది. పిల్లలు ఆసుపత్రి గేటు చూడగానే ఏడుపు లంకించుకునేవాళ్లు. మగ్గం ఆపుకుని, కూలి పోగొట్టుకుని, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని రోజూ బస్సులో వచ్చిన తండ్రులను నేను చూశాను.

ఆ సీసాలో ఏముండేదో మీకెవరూ చెప్పి ఉండరు. గొర్రె మెదడు. నిజంగానే! గొర్రెకు పిచ్చికుక్క జబ్బు క్రిమిని, అంటే రేబిస్ వైరస్‌ను ఎక్కించి, జబ్బు ముదిరాక దాని మెదడు తీసి, నూరి, ఫినాల్ కలిపి క్రిమిని చంపి, ఆ ద్రావణాన్ని సీసాల్లో నింపేవాళ్లు. 1911లో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు హిమాలయాల దగ్గర కసౌలిలో ఈ పద్ధతి కనిపెట్టాడు. అందుకే దానికి సెంపుల్ టీకా అని పేరు. మన దక్షిణాదికి కావలసిన మందు నీలగిరి కొండల్లోని కూనూరులో తయారయ్యేది. అక్కడ 1907 నుంచి పాశ్చర్ సంస్థ ఉంది. తర్వాతి కాలంలో ఫినాల్ బదులు ఇంకో రసాయనం వాడారు గాని గొర్రె మెదడు మాత్రం అలాగే ఉండిపోయింది. కారణం ఏమంటే, ఆ వైరస్ బాగా పెరిగేది మెదడులోనే. మందు కోసం చచ్చిన వైరస్ కావాలి, అది కావాలంటే మెదడు కావాలి.

ఆ మందును తక్కువ చేసి మాట్లాడటం లేదు. అది లక్షల ప్రాణాలు కాపాడింది. జబ్బు లక్షణాలు పైకి వచ్చాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అలాంటప్పుడు చేతిలో ఉన్న మందు వేయక ఏం చేస్తారు? కానీ దానికి ఇంకో ముఖం కూడా ఉంది. అది నేను 1991 వానాకాలంలో నా కళ్లతో చూశాను.

అప్పుడు నేను ఒక తాలూకా ఆసుపత్రిలో ఉన్నాను, పేరు వద్దు. ఒక మరమగ్గం కార్మికుడు, 30 ఏళ్లు కూడా ఉండవు, కుక్క కరిచిందని వచ్చాడు. రోజూ టైముకు వచ్చేవాడు, మంచి మాటకారి. తొమ్మిదో సూది రోజున "సార్, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మెట్లెక్కలేకపోయాను" అన్నాడు. "రోజంతా నిలబడి పని చేస్తావు కదన్నా, అలసట" అన్నాను. అని, తొమ్మిదో సూది కూడా వేశాను. ఈ చేత్తోనే. మూడు రోజులకు అతను నిలబడలేకపోయాడు. మూత్రం బిగుసుకుపోయింది. పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ నెలల తరబడి ఉండి, కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. మళ్లీ మగ్గం ముందు నిలబడలేదు. దారం చుట్టే పనిలో, సగం కూలికి, మిగతా జీవితం గడిపాడు. నష్టపరిహారమా? ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. కుక్క విషం కాళ్లకు దిగిందని ఊళ్లో అనుకున్నారు.

అది కుక్క విషం కాదు. అతని ఒంట్లోని కావలివాళ్లే అతని వెన్నుపాము మీద పడ్డారు.

మన మాటల్లో చెబుతాను. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్లు ఉంటారు. వాళ్ల పని బయటి దొంగను పట్టుకోవడం, లోపలి మనిషిని వదిలిపెట్టడం. మన రక్తంలో తెల్లకణాలు చేసే పని అదే. ఏది మనది, ఏది పరాయిది అని క్షణక్షణం తడిమి చూస్తుంటాయి. ఈ మొత్తం ఏర్పాటునే రోగనిరోధక వ్యవస్థ అంటారు. టీకా అంటే ఏమిటి? దొంగ ఫోటో ముందుగానే వాచ్‌మన్ చేతికివ్వడం. ఇప్పుడు గొర్రె మెదడు మందులో ఏం జరిగిందో చూడండి. దొంగ ఫోటో ఒక్కటే ఇవ్వలేదు, దాంతోపాటు గొర్రె నరాల ముక్కలు కూడా గంపెడు ఇచ్చాం. ఒక రోజు కాదు, 14 రోజులు వరుసగా.

నరం మీద మైలిన్ అనే పొర ఉంటుంది. మోటారు వైండింగు చేసేవాళ్లకు తెలుసు, రాగి తీగ మీద ఎనామెల్ పూత ఎలా ఉంటుందో. ఆ పూత పోతే మోటారు కాలిపోతుంది. మైలిన్ కూడా అలాంటిదే, కొవ్వూ ప్రొటీనూ కలిసిన పూత. గొర్రె మైలినుకూ మన మైలినుకూ తేడా చాలా తక్కువ. దొంగకూ మన షిఫ్టు మనుషులకూ ఒకే రంగు చొక్కా ఉంటే ఏమవుతుంది? లాఠీలు ఎవరి మీద పడతాయి? కొంతమంది ఒంట్లో అదే జరిగింది. కావలి కణాలు గొర్రె మైలిన్ మీద పగపట్టి, ఆ పగతోనే సొంత మెదడును, వెన్నుపామును కొరికాయి.

ఇది ఊహ కాదు. 1930ల్లోనే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ అనే శాస్త్రవేత్త, అతని తోటివారు కోతులకు మామూలు కుందేలు మెదడు పదేపదే సూది ద్వారా ఎక్కించి చూశారు. అందులో రేబిస్ లేదు, ఏ క్రిమీ లేదు. అయినా కొన్ని కోతులకు కాళ్లూ చేతులూ పడిపోయాయి. కోసి చూస్తే మైలిన్ ఊడిపోయి ఉంది. 1987లో థాయ్‌లాండ్ డాక్టర్లు సెంపుల్ టీకా తర్వాత జబ్బుపడినవాళ్ల రక్తం పరీక్షించి, అందులో మైలిన్ ప్రొటీను మీదికే తయారైన ప్రతిరక్షకాలను చూపించారు. ఇలా జబ్బుపడేవాళ్లు కొన్ని వందల మందిలో ఒకరని కొన్ని దేశాల లెక్క, కొన్ని వేల మందిలో ఒకరని మరికొన్ని చోట్ల లెక్క.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి కోపం తెచ్చుకోవలసిన మాట ఒకటుంది. గొర్రె మెదడు లేకుండా, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద వైరస్‌ను పెంచి టీకా చేసే పద్ధతి ఎప్పుడో వచ్చింది. 1970ల్లో ఇరాన్‌లో పిచ్చి తోడేళ్లు, పిచ్చి కుక్కలు ఘోరంగా కరిచిన 45 మందికి ఆ కొత్త మందు ఇస్తే 45 మందీ బతికారని 1976లో ప్రకటించారు. 1980ల్లో మన దేశంలోనూ అది డబ్బున్నవాళ్లకు మందుల షాపుల్లో దొరికేది. ప్రభుత్వాసుపత్రి క్యూలో నిలబడినవాడికి మాత్రం గొర్రె మెదడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్లు వద్దు వద్దని చెప్పగా చెప్పగా, 2004 డిసెంబరులో మన దేశం దాని తయారీ ఆపింది. అంటే 1991లో నా ముందు నిలబడిన ఆ మనిషికి మంచి మందు లోకంలో లేక కాదు, అతని జేబులో డబ్బు లేక కాలు పోయింది. ఆ తొమ్మిదో సూది వేసిన చేయి నాది గనక ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను.

ఇప్పుడు ఇచ్చే మందులో మెదడు ముక్క అనేదే లేదు. కూనూరు సంస్థ కూడా కణాల మీద పెంచే మందుకు మారింది. హైదరాబాదులోనూ తయారవుతోంది. సూది చేతికే, బొడ్డుకు కాదు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు ఇంకొకటి. గాయం లోతుగా ఉంటే గాయంలోనే ఇంకో మందు ఎక్కిస్తారు. అదీ అడిగి వేయించుకోండి. అన్నిటికంటే ముందు, కరిచిన వెంటనే సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారప్పొడి పూయొద్దు.

ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, ఆ 14 సూదుల భయం ఇంకా పోలేదు. "మా నాయనకు బొడ్డు చుట్టూ వేసి కాళ్లు పడిపోయాయంట, మా బిడ్డకొద్దు సార్" అని రిటైరయ్యాక కూడా నా దగ్గరకొచ్చి చెప్పిన తల్లులున్నారు. ఆమె నాయన విషయం నిజమే, బిడ్డ విషయంలో భయమే తప్పు. ఈలోగా వైరస్ ఏం చేస్తుందో తెలుసా? కాటు దగ్గర నరంలోకి దూరి, నరం లోపలే దాక్కుని, మెల్లగా పైకి పాకుతుంది. నరం లోపల ఉన్నంతసేపూ కావలివాళ్లకు కనపడదు. వారాలు, నెలలు. గాయం మానిపోతుంది, మనం మరిచిపోతాం. మెదడు చేరాక వాళ్లకు తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. టీకా అనేది ఆ పరుగుపందెంలో కావలివాళ్లను ముందే లేపి నిలబెట్టడం. పందెంలో ఒక రోజు కూడా పోగొట్టుకోకూడదు.

సరే, ఇప్పుడు సంఘం వాళ్లు అడిగిన మతిమరుపు దగ్గరకొస్తాను. దారి తప్పానని అనుకోవద్దు, దారి ఇదే.

మెదడుకూ కావలికీ సంబంధమే లేదని చాలాకాలం అనుకున్నారు. మెదడు రక్తనాళాలకు గట్టి గోడ ఉంటుంది. రక్తంలో ఉన్నదంతా లోపలికి పోనివ్వదు. అందుకని మెదడు ఒక కోట, బయటి వాచ్‌మన్లకు అక్కడ పనిలేదు అన్నారు. అది సగమే నిజం. కోట లోపల సొంత కావలి ఉంది. 1919లో స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్టేగా ఆ కణాలను విడిగా గుర్తించి మైక్రోగ్లియా అని పేరుపెట్టాడు. అవి వట్టి వాచ్‌మన్లు కాదు, స్వీపర్లు కూడా. చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి, అక్కరలేని అతుకులను తెంపుతాయి, చెత్త పోగుపడకుండా చూస్తాయి. మిల్లులో స్వీపర్లు రెండు రోజులు రాకపోతే మగ్గాల కింద దూది ఎలా పేరుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంక 2015లో మెదడు పైపొరల్లో శోషరస నాళాలు, అంటే మురుగు కాలువల్లాంటివి, ఉన్నాయని అమెరికాలో, ఫిన్లాండులో రెండు బృందాలు చూపించాయి. వందల ఏళ్లుగా శవాలు కోసి చూస్తున్నవాళ్లకు అంతదాకా సరిగ్గా పట్టుబడలేదు! కోటకు బయటి ప్రపంచంతో రాకపోకలున్నాయని దాంతో తేలిపోయింది.

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఒక స్త్రీ మెదడును కోసి చూశాడు. ఆమె 51 ఏళ్ల వయసులో మతి తప్పి ఆసుపత్రిలో చేరింది, తన పేరు తాను రాయలేకపోయేది. ఆమె మెదడులో గడ్డకట్టిన ముద్దలు, నరకణాల్లో చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఆ ముద్దల్లో ఉండేది అమిలాయిడ్ అనే ప్రొటీను. అది మెదడులో రోజూ పుట్టే చెత్తే, రోజూ ఊడ్చుకుపోవలసినదే. మరి ఊడ్చేవాళ్లు ఏమయ్యారు? 2013లో ఒక సంగతి బయటపడింది. మైక్రోగ్లియా కణాల మీద ట్రెమ్2 అనే ప్రొటీను ఉంటుంది. ఆ జన్యువులో ఒక అరుదైన లోపం ఉన్నవాళ్లకు అల్జీమర్ జబ్బు వచ్చే అవకాశం దాదాపు మూడింతలు ఎక్కువ. అంటే స్వీపరు చేతిలో చీపురు సరిగ్గా లేకపోతే చాలు, కొంప మునగడానికి.

ఇంకో వైపు కూడా ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో పోరాడే మైక్రోగ్లియా విసిగి, ఉద్రేకంలో పడి, మంచి నరకణాల అతుకులను కూడా కొరికేస్తాయి. ఒంట్లో వాపును పెంచే రసాయనాలను చిమ్ముతాయి. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుతో పోయినవాళ్ల మెదళ్లలో కూడా ఇలా రేగిన మైక్రోగ్లియాను 1988 నుంచే చూస్తున్నారు. 1991లో ఆ మరమగ్గం కార్మికుడి ఒంట్లో మూడు రోజుల్లో జరిగిన దాడి వేరు, ముసలితనంలో 20 ఏళ్లు పొగ రాజుకుంటూ జరిగే ఈ నష్టం వేరు. రెండూ ఒకటే జబ్బని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ రెండింటిలోనూ ఆయుధం కావలివాడిదే.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 100కి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు ఉందని, మొత్తం 88 లక్షల మంది అని 2023లో వెలువడిన దేశవ్యాప్త అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ, పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువ. వాళ్లకు సేవ చేసేది కోడళ్లూ కూతుళ్లూ. ఆ సేవ ఏ హాజరు పుస్తకంలోనూ ఎక్కదు.

మందులున్నాయా అని అడుగుతారు. ఉన్నంతలో చెబుతాను. అమిలాయిడ్‌ను ఊడ్చమని కావలివాళ్లకు గుర్తుచూపే ప్రతిరక్షకం ఒకటి, లెకానెమాబ్, 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందింది. జబ్బు తొలిదశలో ఉన్న దాదాపు 1800 మందిపై 18 నెలలు పరీక్షిస్తే, జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, నెమ్మదించింది. కొందరికి మెదడు వాచింది, రక్తం చిమ్మింది. రెండు వారాలకోసారి సెలైనులా ఎక్కించాలి, మధ్యమధ్య స్కానింగులు తీయాలి. ధర చెబితే మీరు నవ్వుతారు. ఎవరైనా ఇల్లు తాకట్టు పెట్టించి ఇలాంటిది తేస్తామంటే ముందు రెండో డాక్టర్ని అడగండి. "వాపే కారణమైతే నొప్పి మాత్రలు మింగితే పోదా?" అని ఒక తమ్ముడు పోయినసారి అడిగాడు. మంచి ప్రశ్నే. 2000 దశకంలో పెద్దవాళ్లకు అలాంటి మాత్రలిచ్చి అమెరికాలో చూశారు, మతిమరుపు తగ్గలేదు. మీ కిడ్నీలు మాత్రం తగ్గుతాయి. మందుల షాపులో మాత్రలు అడిగి మింగొద్దు.

వైద్యంతో తిరిగి వచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి, వాటిని మనం దెయ్యాల లెక్కలో వేసేస్తున్నాం. 2007లో జోసెప్ దల్మావ్ అనే డాక్టరు, అతని బృందం ఒక జబ్బును విడమరిచి చెప్పారు. మంచిగా ఉన్న పిల్ల, ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్ల. రెండు మూడు వారాల్లో నిద్రపోదు, సంబంధం లేకుండా మాట్లాడుతుంది, అరుస్తుంది, మూతి వంకరగా ఆడిస్తుంది, ఫిట్స్ వస్తాయి, తర్వాత కొయ్యబారిపోతుంది. మన ఊళ్లో ఏమంటాం? గాలి సోకిందంటాం. వేపమండలతో కొడతాం, గుడి దగ్గర గొలుసులతో కడతాం. కానీ ఆ పిల్ల మెదడులో నరకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ద్వారాల మీద సొంత ప్రతిరక్షకాలు తాళాలు వేస్తున్నాయి. కొందరిలో అండాశయంలో చిన్న గడ్డ ఉంటుంది. ఆ గడ్డలో నరాల కణజాలం కూడా ఉంటుంది. దాన్ని చూసి రెచ్చిపోయిన కావలి మెదడు మీద పడుతుంది. గొర్రె మెదడు కథే, ఈసారి గొర్రె లేదు. గడ్డ తీసేసి, కావలి ఉద్రేకం దించే మందులిస్తే, ఈ జబ్బు వచ్చిన 500 మందికి పైగా రోగులను గమనించిన 2013 నాటి అధ్యయనంలో రెండేళ్లకు 100కి 80 మంది బాగా కోలుకున్నారు. వేప కొమ్మ దగ్గర పోయే ప్రతి వారం నష్టమే. మొక్కు మొక్కుకోండి, నాకు అభ్యంతరం లేదు. బస్సు మాత్రం వేలూరుకో చెన్నైకో ముందు ఎక్కండి, నరాల డాక్టరు దగ్గరకు.

అలాగే, 75 ఏళ్ల అవ్వ నిన్నటిదాకా బాగుండి, ఈరోజు హఠాత్తుగా మనవణ్ణి గుర్తుపట్టలేదంటే "వయసు" అని వదిలేయొద్దు. మూత్రంలో చీము ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉండొచ్చు. ఒంట్లో ఎక్కడ మంట లేచినా ఆ కబురు రక్తంలో మెదడుకు చేరుతుంది. జ్వరం వచ్చినప్పుడు మీకు అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది కదా? అది క్రిమి చేసేది కాదు, మీ కావలి పంపిన కబురు విని మెదడు చేసేది. ముసలి మెదడు ఆ కబురుకే తల్లడిల్లిపోతుంది. జ్వరం పేరు కనుక్కుని వైద్యం చేస్తే చాలామంది మళ్లీ మనుషుల్లో పడతారు.

ఇంకో కొత్త సంగతి. అక్కి తెలుసు కదా! నడుముకు ఒక పక్క బొబ్బలు లేచి మంటపుడుతుంది. కుమ్మరి దగ్గరకు పోయి ఎర్రమన్నుతో అక్కి రాయించుకుంటాం. తెలుగువాళ్లమూ అదే, అరవవాళ్లూ అదే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరాల్లో నిద్రపోయి, కావలి బలహీనపడ్డప్పుడు లేవడమే అక్కి. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 సెప్టెంబరులో దానికి టీకా మొదలుపెట్టారు. 1933 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లకే ఇస్తామని, అంతకంటే ఒక్క రోజు పెద్దవాళ్లకు కూడా లేదని గీత గీశారు. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ల మధ్య వయసులో కొద్ది వారాలే తేడా. ఏడేళ్లు చూశాక, టీకా వేయించుకున్నవాళ్లలో డిమెన్షియా దాదాపు అయిదో వంతు తక్కువగా ఉందని 2025లో ప్రకటించారు. మన దగ్గర ఆ టీకా ప్రభుత్వాసుపత్రిలో లేదు, బయట కొనాలంటే నెల కూలి చాలదు. గొర్రె మెదడు రోజులు గుర్తొస్తున్నాయా? నాకు గుర్తొచ్చాయి. సంఘం రాసుకోవలసిన కోరికల్లో ఇది కూడా చేర్చండి.

చివరగా మిల్లు సంగతి. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం, డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడానికో వాయిదా వేయడానికో వీలుందని చెప్పి 14 కారణాలు లెక్కగట్టింది. ఆ జాబితా చదువుతుంటే మన జనం గురించే రాసినట్టుంది. చదువు లేకపోవడం, చెవుడు, బీపీ, షుగరు, పొగ తాగడం, గాలి కాలుష్యం, తలకు దెబ్బలు. షుగరూ పొగా గాలిలోని సన్నటి ధూళీ కావలివాళ్లను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వవు. ఒంట్లో సన్నసెగ ఆరదు. ఆ సెగ రక్తనాళాలను తిని, మెదడు గోడను సడలిస్తుంది. దూది ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని, ఆ బిస్సినోసిస్ అనే దగ్గు, మీకు నాకంటే బాగా తెలుసు.

చెవుడు కావలి సంగతి కాదు గాని, మరమగ్గాల ఊళ్లో దాన్ని చెప్పకుండా దిగిపోతే నాకు నిద్రపట్టదు. చెవికి మాట అందని మెదడు పని తగ్గిపోయి ముడుచుకుంటుంది, మనిషి కూడా నలుగురిలోంచి తప్పుకుంటాడు. 20 మగ్గాల మధ్య ఎనిమిది గంటలు నిలబడేవాడికి చెవిలో పెట్టుకునే రబ్బరు ముక్క ఇవ్వడానికి యజమానికి అయ్యే ఖర్చెంత? చట్టంలో వృత్తి వ్యాధుల పట్టిక ఉంది. మోత వల్ల వచ్చిన చెవుడు అందులో ఉంది, దూది ధూళి జబ్బు కూడా ఉంది. పరీక్ష చేయించుకుని కాగితం చేతిలో పెట్టుకున్నవాడే ఆ పట్టికను వాడుకోగలడు. 40 దాటిన ప్రతివాడూ ఏడాదికోసారి చెవి పరీక్ష, షుగరు, బీపీ. మూడూ ఒకే రోజు ఇక్కడే పెట్టిద్దామని సంఘం వాళ్లతో మాట్లాడాను. వచ్చే నెల మొదటి ఆదివారం అన్నారు.

ఒక్క సంతోషం మాట కూడా ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందట, చదువురానివాళ్లలో కూడా. 1960లో మనల్ని చిత్తూరు జిల్లాలోంచి ఇటు కలిపినప్పుడు ఎంత గొడవపడ్డామో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బజారులో అరవం. పిల్లల చేత రెండూ మాట్లాడించండి.

ఆ కర్ర పట్టుకున్న మనిషి సంగతి అడుగుతారేమో. అతను పోయి ఆరేళ్లయింది. పోయే ముందటి ఏడు, మనవరాలిని కుక్క కరిస్తే ఆ పిల్లను తీసుకుని అతనే కర్ర పొడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. "సార్, ఇప్పుడేసేది ఆ మందేనా?" అని అడిగాడు. కాదన్నాను. సీసా మీద ఏం రాసుందో చదివి వినిపించమన్నాడు. ఆసుపత్రికి వెంటపోయి, సీసా చేతిలోకి తీసుకుని అక్షరం అక్షరం చదివి చెప్పాను. అప్పుడు పిల్ల చెయ్యి చాపించాడు.

ఇంక మీ ప్రశ్నలు అడగండి. ఆ కిటికీ దగ్గరున్న అక్క ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెను మాట్లాడనివ్వండి.